శ్లాబ్ పోసే ముందు ఫ్యాన్ బాక్సులు చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు కాంక్రీటు పడకముందే ఒకసారి సెంట్రింగ్ మీదికెక్కి సీలింగ్ బాక్సులు చూసుకోండి. పీవీసీ జంక్షన్ బాక్సు వైర్లు కలపడానికే. దాని చిన్న స్క్రూలకు తేలికపాటి ఎల్ఈడీ లైటు ఆగుతుంది గానీ షాండ్లియర్ ఆగదు. బరువైన లైటు వచ్చేచోట అడ్డంగా కడ్డీ ఉన్న ఇనుప ఫ్యాన్ బాక్సే పెట్టించండి. కడ్డీ రెండు చివరలూ శ్లాబ్ ఊచల మీదికి వచ్చాయా, బైండింగ్ వైరుతో బిగించి కట్టారా అన్నది చేత్తో కదిపి చూడండి. కదిలితే మళ్లీ కట్టించాల్సిందే, మేస్త్రి ఏమనుకున్నా సరే. బాక్సులోకి కాంక్రీటు దిగకుండా కాగితాలు కుక్కమనండి. కళింగపట్నంలాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) బాక్సు అడగండి. ఇల్లు ఇప్పటికే అయిపోయిందా? అప్పుడు బరువైన లైటు తగిలించే యాంకర్ ఫాస్టెనర్ (రంధ్రం చేసి కాంక్రీటులో బిగించే బోల్టు) శ్లాబ్‌లోకే దిగాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు బరువు మోయదు.