క్యాంపింగ్‌కి, బీచ్‌కి బయల్దేరేముందు ప్రభుత్వ నిబంధనలు చూసుకోవడం ఎలా?

టెంట్ వేయడం ఎవరైనా అరగంటలో నేర్చుకుంటారు. దాన్ని ఎక్కడ వేయనిస్తారన్నది మాత్రం టెంట్‌తో పాటు వచ్చే కాగితంలో ఉండదు. మనిషి అలికిడి లేని అడవైనా, అలలు తప్ప ఇంకేమీ లేని ఒడ్డైనా చాలావరకు ఏదో ఒక ఆఫీసు పద్దులో ఉంటుంది. ఆ ఆఫీసు ఏదో తెలిస్తే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి: మంట వేయొచ్చా, కుక్కను తీసుకెళ్లొచ్చా, ఎన్ని రాత్రులు ఉండొచ్చు, ఎవరిని అడగాలి. అందుకే సామాన్లు సర్దడం కన్నా ముందు ఈ పని చూసుకోండి.

1. ఆ నేల ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

మ్యాప్‌లో ఆకుపచ్చగా కనిపించినంత మాత్రాన అది అందరిదీ అనుకోవద్దు. ఆ రంగు కింద నేషనల్ పార్కు, రిజర్వు ఫారెస్టు, పక్షుల అభయారణ్యం, ఒక్కోసారి ప్రైవేటు ఎస్టేటు కూడా ఉండొచ్చు.

అమెరికాలో నేషనల్ పార్కుకీ, దాని పక్కనే ఉండే నేషనల్ ఫారెస్టుకీ మధ్య చాలాచోట్ల కంచె కూడా కనిపించదు. అటూ ఇటూ అవే చెట్లు. నిబంధనలు మాత్రం వేరు. పార్కుల్ని చూసే సంస్థను పెట్టిన 1916 నాటి చట్టం, వాటిని చెక్కుచెదరకుండా రాబోయే తరాలకు అప్పగించమంది. కాబట్టి అక్కడ చూపించిన చోటే టెంట్ వేయాలి, లేదా లోపలికి వెళ్లడానికి పర్మిట్ తీసుకోవాలి. చాలా కాలిబాటల మీదికి కుక్కల్ని రానివ్వరు. నేషనల్ ఫారెస్టు మాత్రం వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. కలప, పశువుల మేత, వేట అన్నీ అందులోనే సాగుతాయి గనక పట్టు కాస్త సడలుతుంది. చాలా ఫారెస్టుల్లో రోడ్డుకి, నీళ్లకి ఎడంగా ఎక్కడైనా టెంట్ వేసుకుని, సాధారణంగా 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు.

కొన్ని దేశాల్లో లెక్క తిరగబడుతుంది. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల ఎవరిదైనా సరే, మనుషులున్న ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే అడక్కుండానే రెండు రాత్రులు ఉండొచ్చు. స్కాట్లాండ్‌లో 2003లో ఇలాంటి హక్కే చట్టమైంది. అయితే అక్కడా లోమండ్ సరస్సు ఒడ్డున కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ కావాలని 2017లో కొత్త రూలు వచ్చింది. చెత్త పేరుకుపోయి, మంటల కోసం చెట్లు కొట్టేయడంతో వచ్చిన రూలు అది. అంటే దేశం మొత్తానికి ఒక హక్కు ఉందని తెలుసుకుంటే సరిపోదు, ఆ ఒక్క చోటి సంగతి విడిగా చూడాలి.

తేల్చుకోవడానికి సులువైన దారి: ఆ ప్రాంతం పేరుతో ప్రభుత్వ వెబ్‌సైటు వెతికి, అందులో ఇచ్చిన ఆఫీసుకి ఫోన్ చేయండి. "ఫలానా చోట రాత్రి ఉండొచ్చా? మంట వేయొచ్చా?" అని సూటిగా అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు. పాత ట్రావెల్ వీడియోల్ని నమ్ముకోవడం గాల్లో దీపం పెట్టడమే.

2. బీచ్ అయితే గీత ఎక్కడుందో చూడండి

కాలిఫోర్నియాలో పోటు నీళ్లు సగటున చేరే గీతకి సముద్రం వైపున్న తడి ఇసుక ప్రజలది. ఆ పైనున్న పొడి ఇసుక ఒడ్డునున్న ఇంటాయనది కావచ్చు. దాని పక్క రాష్ట్రం ఆరెగాన్‌లో పొడి ఇసుక కూడా, గడ్డీ మొక్కలూ మొదలయ్యే దాకా, అందరూ వాడుకోవచ్చు. ఒకే సముద్రం, ఒకే తీరం, రెండు గీతలు.

తడి ఇసుక వరకే హక్కు ఉన్న చోట ఆటుపోట్ల టైము కూడా చూసుకోవాలి. చాలా తీరాల్లో పాటుకీ, ఆ తర్వాతి పోటుకీ మధ్య ఆరు గంటలకు కాస్త పైన పడుతుంది. పొద్దున్నే దుప్పటి పరుచుకున్న చోట మధ్యాహ్నానికి నీళ్లుంటాయి. ఆ పట్టికను కూడా చాలా దేశాల్లో ప్రభుత్వ శాఖలే ముందుగా వేసి ఉచితంగా ఇస్తాయి.

3. పర్మిట్ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో రాసిపెట్టుకోండి

పేరున్న చోట్లకి ఇప్పుడు బుకింగ్, కొన్నిటికి లాటరీ కూడా తప్పడం లేదు. అమెరికాలోని యోసెమిటీ పార్కులో ఉన్న హాఫ్ డోమ్ కొండ చివరి భాగం ఉక్కు తాళ్లు పట్టుకుని ఎక్కాలి. ఆ తాళ్ల మీద జనం ఇరుక్కుపోతుంటే 2010లో పర్మిట్లు పెట్టారు. రోజుకు సుమారు 300 మందికే. అమెరికా ప్రభుత్వ క్యాంపుల్లో చాలావాటికి ఆరు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, సెలవు రోజులు నిమిషాల్లో అయిపోతాయి. దొరకలేదని టెన్షన్ పడొద్దు. తేదీ దగ్గరపడే కొద్దీ క్యాన్సిల్ అయినవి మళ్లీ కనిపిస్తుంటాయి. వారం మధ్య రోజులు చూడండి. మీరు వెళ్లకపోతే మీదీ క్యాన్సిల్ చేయండి, లేకపోతే ఆ చోటు ఖాళీగానే పడి ఉంటుంది.

పర్మిట్ కాగితం మీద తీసుకోండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రేంజర్ అడిగితే కాగితం చూపించొచ్చు.

ఒక్కోసారి మొత్తం చోటునే మూసేస్తారు. థాయిలాండ్‌లోని మాయా బే పగడాలు దెబ్బతినడంతో 2018లో మూసి, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు ఆ బేలోకి పడవలు రానివ్వరు, వెనక వైపు దిగి నడిచి రావాలి. ఫిలిప్పీన్స్‌లో బోరాకాయ్ దీవిని మురుగునీళ్ల సమస్య మీద 2018లో ఆరు నెలలు మూశారు. టికెట్లు కొనేముందు ఈ ఒక్క సంగతి చూసుకోకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

4. ముందు రోజు, ఆ పొద్దున మళ్లీ చూడండి

నెల క్రితం చదివిన రూలు ఈ రోజుకి మారి ఉండొచ్చు. ముఖ్యంగా మూడు విషయాలు.

మంట. ఎండలు ముదిరితే నిషేధం రాత్రికి రాత్రే వస్తుంది. నార్వేలో ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో, దాని దగ్గర్లో మంట వేయకూడదన్నది మామూలు నియమం. అమెరికాలో దశలు ఉంటాయి: మొదటి దశలో ఇనుప వలయాలు కట్టిన చోట మాత్రమే వేయనిస్తారు, రెండో దశలో అసలే కుదరదు. తిప్పి ఆపగలిగే గ్యాస్ స్టవ్‌ని చాలావరకు ఒప్పుకుంటారు, కాబట్టి వంటకి మంట మీద ఆధారపడకపోవడమే మేలు. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లొద్దు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక పచ్చని పురుగు కోట్ల యాష్ చెట్లని చంపింది. అది దూరాలు దాటింది ఎక్కువగా మనుషులు తీసుకెళ్లిన కట్టెల్లోనే. కట్టెల రవాణా మీద ఆంక్షలు అందుకే వచ్చాయి.

నీళ్లు. యూరప్‌లో 2006 నాటి ఆదేశం ప్రకారం స్నానపు తీరాల నీళ్లలో మలం వల్ల చేరే బ్యాక్టీరియా కొలిచి, నాలుగు తరగతులు ఇస్తారు. ఇందులో ఒక చిక్కుంది. మామూలు ల్యాబ్ పద్ధతిలో బ్యాక్టీరియా పెరిగి లెక్క తేలడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. బోర్డు మీద ఇవాళ రాసింది నిన్నటి నీళ్ల సంగతి. అందుకని పెద్ద వాన పడితే బోర్డు ఏం చెప్పినా మురుగు కాలువలు, నదులు కలిసే చోట దిగకండి. కాలిఫోర్నియాలో కొన్ని ఆరోగ్య శాఖలు వాన తర్వాత 72 గంటలు ఆగమంటాయి.

జెండాలు. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యే ఈత కొట్టాలి, లైఫ్‌గార్డు కన్ను అక్కడే ఉంటుంది. ఒక ఎర్ర జెండా అంటే గట్టి ప్రమాదం, కొన్ని దేశాల్లో దానికే నీళ్లలో దిగడం నిషేధం. అమెరికా లాంటి చోట్ల రెండు ఎర్రవి ఉంటే నీళ్లలో దిగడం నిషేధం. ఊదా రంగు కనిపిస్తే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. "బ్లూ ఫ్లాగ్" వీటిలో చేరదు. అది శుభ్రత, సౌకర్యాలు వగైరా చూసి ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే గుర్తింపు, ఈ గంటలో అలలు ఎలా ఉన్నాయో అది చెప్పదు.

జెండా లేని చోట కాసేపు నిలబడి అలల్ని చూడండి. నురగ కట్టి విరిగే అలల మధ్య, నురగ లేకుండా కాస్త ముదురు రంగులో నున్నగా కనిపించే పట్టీ ఒకటి ఉండొచ్చు. ప్రశాంతంగా ఉందని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి లాక్కుపోయే దారి అది. చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడకుండా, ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ పట్టీ దాటండి.

5. చోటు చేరాక బోర్డు ఫొటో తీసుకోండి

తర్వాత ఎవరైనా ఆపితే వాదనకి పనికొస్తుంది, పైగా డ్రోన్లు, మద్యం, గవ్వలు ఏరడం లాంటి చిన్న రూళ్లు అక్కడే ఉంటాయి. మంట వేయనిచ్చిన చోట ఆర్పడం కూడా నియమం ప్రకారమే చేయండి. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. చుయ్‌మనే చప్పుడు ఆగాక చేతి వెనక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఇంకా అయిపోలేదు. బీచ్‌లో చాలామంది ఇసుక కప్పేసి వెళ్లిపోతారు. ఇది అన్నిటికన్నా చెడ్డ పని. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి వేడిగా ఉంటాయి, చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లలకి అక్కడ ఏముందో తెలియదు.

6. ఆఫీసు మూతపడితే

బడ్జెట్ గొడవతో 2018 డిసెంబరు నుంచి 35 రోజులు అమెరికా ప్రభుత్వం కొంత భాగం మూతపడింది. చాలా పార్కుల గేట్లు తెరిచే ఉన్నాయి, సిబ్బంది మాత్రం చాలావరకు లేరు. మరుగుదొడ్లు పొంగిపొర్లాయి, జాషువా ట్రీ పార్కులో కొందరు ఎడారిలోకి బళ్లు తోలారు. ఇలాంటప్పుడు వెళ్లక తప్పకపోతే చెత్త మోసుకొచ్చే సంచీ, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు మీవే. ఆపదొస్తే రక్షించేవాళ్లు ఆలస్యంగా వస్తారన్న లెక్కతోనే బయల్దేరండి.

7. రూలు నచ్చకపోతే రాయండి

1966లో ఆరెగాన్‌లో ఒక మోటెల్ తన ఎదుటి పొడి ఇసుకను తాడు కట్టి, తన అతిథులకే అని ఆపింది. జనం గగ్గోలు పెట్టారు, ఉత్తరాలు వెల్లువెత్తాయి. గవర్నర్ టామ్ మెకాల్ సర్వేయర్లను వెంటబెట్టుకుని హెలికాప్టర్‌లో బీచ్ మీదే దిగాడు. 1967లో చట్టం వచ్చింది. పొడి ఇసుక మీద పైన చెప్పిన హక్కు ఆ చట్టంతో వచ్చిందే.

చాలా దేశాల్లో పార్కు ప్లాను, తీరం ప్లాను మార్చేముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతారు. "బీచ్ మూయొద్దు" అని రాస్తే ఆ వాక్యం లెక్కలో కలిసిపోతుంది. "తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా రాత్రిపూట కాబట్టి చీకటి పడ్డాక మూసి, పగలు తెరవండి, ఉత్తరం వైపు దారిలో దీపాలు గుడ్ల సీజన్‌లో ఆపేయండి" అంటే అధికారి దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. చోటు, సమయం, మీరు చెప్పే ప్రత్యామ్నాయం, ఈ మూడూ ఉండాలి. పంపిన తర్వాత వచ్చే రసీదు నంబరు దాచుకోండి. తుది ప్లానుతో పాటు అభిప్రాయాలకి జవాబులు కూడా వేసే చోట్ల మీ మాట దగ్గర ఏం రాశారో చూడండి. అప్పీలుకి గడువు చాలావరకు కొన్ని వారాలే ఉంటుంది.