హామేట్ కొక్కెం విరిగితే: ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

మణికట్టులో చిటికెన వేలి వైపు ఉండే చిన్న ఎముక హామేట్. అరచేతి వైపు పొడుచుకొచ్చే దాని కొక్కెం విరగడం అరుదు.

– సీటీ స్కాన్ వెంట తీసుకెళ్లండి. మామూలు ఎక్స్‌రేలో ఈ పగులు తరచూ కనిపించదు.

– చిటికెన, ఉంగరపు వేళ్లలో తిమ్మిరి ఉన్నా, పట్టు తగ్గినా ముందే చెప్పి రాయించండి. ఆ వేళ్లకు స్పర్శనిచ్చే అల్నార్ నరం ఆ కొక్కేన్ని ఆనుకునే వెళ్తుంది. పాత ఇబ్బంది ఏదో, ఆపరేషన్ తర్వాత వచ్చింది ఏదో తేలాలి కదా! అన్నిటికన్నా ముఖ్యం ఇదేనంటాను.

– విరిగిన ముక్కను తీసేస్తారా, స్క్రూతో బిగిస్తారా? అడగండి. బిగిస్తే అతుక్కోవడానికి సమయం కావాలి. పొగతాగడం దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది, మానేయండి.

– రక్తం పలచబరిచే మందుల సంగతి చెప్పండి. సొంతంగా ఆపకండి.

– ఉంగరాలు, గాజులు తీసేయండి.

– ఆపరేషన్ ఏ చేతికో ఆ చేతి మీద గుర్తు పెట్టించుకోండి.