పది మీటర్ల పోటీకి మొదటి ఎయిర్ రైఫిల్: విశాఖ తల్లిదండ్రుల కోసం

పిల్లలకు షూటింగ్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులు విశాఖలో నన్ను మొట్టమొదట అడిగేది ఏ కంపెనీ రైఫిల్ కొనాలని. కంపెనీ కన్నా ముందు, ఆ రైఫిల్‌తో చేయబోయే పని ఏమిటో తేల్చుకోవాలి. కంబాలకొండలోనైనా అరకు దారి కొండల్లోనైనా అడవి జంతువులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందువల్ల ఎంత దూరం వెళుతుంది, ఎంత గట్టిగా తగులుతుంది అన్న దుకాణపు వర్ణనలతో మనకు పని లేదు. మనకు కావలసింది పది మీటర్ల దూరంలోని కాగితం మీద ప్రతిసారీ ఒకే చోట తగిలే రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బ్యారెల్ (గొట్టం) లోపలి వ్యాసానికి, 20 జౌల్స్ శక్తికి లోబడిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. అయితే కొనేటప్పుడు గుర్తింపు పత్రం ఇచ్చి, రసీదు తీసుకుని భద్రపరచుకోవాలి.

ఎంత కచ్చితత్వం కావాలో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ తరువాతి ప్రతి వలయం అంతకు ముందుదాని కన్నా 5 మిల్లీమీటర్ల వ్యాసం ఎక్కువగా ఉంటుంది. పెల్లెట్ (రైఫిల్ కాల్చే చిన్న గుండు) 4.5 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తుంది కాబట్టి, దాని అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది. అంటే పది పెల్లెట్లూ కలిసి చేసిన చిల్లు మొత్తం వెడల్పు 9.5 మిల్లీమీటర్లు దాటకుండా, సరిగ్గా మధ్యలో ఉంటే, అన్నీ పదులే. పెద్ద పోటీల్లో 10.9 వరకు దశాంశాల్లో లెక్కిస్తారు గనుక అక్కడ ఇంకా చిన్న గుంపు (పెల్లెట్లన్నీ కలిసి చేసే చిల్లు) కావాలి. కానీ నేర్చుకునేవారికి, ఆనించి కాల్చినప్పుడు ఏడు మిల్లీమీటర్ల లోపు గుంపు ఇచ్చే రైఫిల్ రెండు మూడేళ్ల వరకు అడ్డు రాదు. ఆ కాలంలో పోయే పాయింట్లలో చాలా వరకు నిలబడే తీరులో, ట్రిగ్గర్ నొక్కే తీరులో పోయేవే.

మా పెద్దబ్బాయికి పన్నెండేళ్లప్పుడు నేను ఈ లెక్క తెలియకుండానే రైఫిల్ కొన్నాను. దుకాణదారు వేగం ఎక్కువని, పైన టెలిస్కోప్ కూడా ఉందని ఒక స్ప్రింగ్ రైఫిల్ చూపించారు. ధర అందుబాటులో ఉండటంతో తీసుకున్నాను. రేంజ్‌కు తీసుకెళ్లిన మొదటి రోజే శిక్షకుడు రెండు విషయాలు చెప్పారు: పది మీటర్ల పోటీలో టెలిస్కోప్‌ను అనుమతించరు, ఆ బ్యారెల్‌ను వంచి స్ప్రింగ్ బిగించే బలం పిల్లవాడి చేతుల్లో లేదు. అరవై షాట్లు పూర్తయ్యేలోపే వాడు అలసిపోయేవాడు, అలా ఒక ఏడాది గడిచిపోయింది. ఆ ఏడాదిని వాడికి నేను తిరిగి ఇవ్వలేను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్ప్రింగ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకువెళుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే రైఫిల్ వెనక్కీ ముందుకీ కదులుతుంది. చేతి పట్టు కాస్త మారినా పెల్లెట్ వేరే చోట తగలడానికి కారణం ఇదే. గాలిని ముందే సిలిండర్‌లో నింపుకునే పీసీపీ రైఫిల్‌లో ఈ కదలిక దాదాపు ఉండదు. పోటీ పీసీపీలు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతోనే పంపుతాయి. అంతకు మించిన వేగం కాగితానికి అక్కరలేదు. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్షుట్జ్, స్టైయర్ వంటి విదేశీ పోటీ రైఫిళ్లు కొత్తవైతే లక్షల్లోనే ఉంటాయి. మన దేశంలో ప్రెసిహోల్ వంటి సంస్థలు తయారుచేసే రైఫిళ్లు అందులో కొద్ది వంతుకే వస్తాయి. పాఠశాల స్థాయిలో ఓపెన్ సైట్ (తెరిచి ఉన్న గాడిలోంచి గురి చూసేది), పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) విభాగాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, పిల్లవాడు ఏ విభాగంలో దిగుతాడో శిక్షకుడిని అడిగిన తరువాతే డబ్బు తీయండి. మొదటి ఆరు నెలలు క్లబ్బు రైఫిల్‌తో నేర్చుకునే వీలుంటే అంతకన్నా మంచి మార్గం లేదు.

ఇక, అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేవారు అతి తక్కువగా పట్టించుకునేది, రైఫిల్ ఒంటికి సరిపోవడం. పిల్లవాడిని నిలబెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, ఎడమ మోచేతిని నడుము ఎముక మీద ఆనించమనండి. కుడిచేతి వాటం పిల్లలకు ఇది వర్తిస్తుంది. రెండు ఊపిరులు తీసిన తరువాత కళ్లు తెరిచినప్పుడు, మెడ వంచకుండా, చెంప నొక్కకుండా, కన్ను వెనుక సైట్ రంధ్రానికి సూటిగా ఉండాలి. అలా లేకపోతే చెంప ఆనే చెక్కను పైకీ కిందికీ, భుజానికి ఆనే బట్ ప్లేట్‌ను ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు ఉందో లేదో చూడండి. ఆ ఏర్పాటు లేని అందమైన రైఫిల్ కన్నా, ఉన్న పాత రైఫిలే మేలు, ఎందుకంటే పిల్లలు ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరుగుతారు. నిబంధనల ప్రకారం రైఫిల్ 5.5 కిలోల వరకు ఉండవచ్చు. అంత బరువు స్థిరత్వాన్నిచ్చే మాట నిజమే, కానీ పన్నెండేళ్ల నడుముకు అది భారం. నాలుగు కిలోల లోపుది కొని, తరువాత బరువు బిళ్లలు చేర్చుకోవచ్చు. ఎడమచేతి వాటం ఉన్నవారికి, లేదా ఎడమ కన్ను బలంగా ఉన్నవారికి, ఎడమ గ్రిప్ దొరుకుతుందో లేదో ముందే విచారించండి.

ట్రిగ్గర్ రెండు దశల్లో ఉండాలి: మొదటి దశ వేలికి తేలికగా జరిగి ఒకచోట ఆగాలి, రెండవది ఈడ్చినట్లు కాకుండా పుటుక్కున విడిపోవాలి. డ్రై ఫైర్ (ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే) సదుపాయం తప్పనిసరిగా అడగండి. పెల్లెట్, గాలి ఖర్చు లేకుండా ఇంట్లో గోడకు ఎదురుగా చేసే ఆ సాధన వల్లనే పిల్లలు త్వరగా ఎదుగుతారు. స్ప్రింగ్ రైఫిల్‌ను ఖాళీగా కాల్చితే పిస్టన్ నేరుగా ముందు గోడకు కొట్టుకుని పాడవుతుంది కాబట్టి దానితో ఈ సాధన కుదరదు. సైట్‌ను పరీక్షించడానికి ఐదు షాట్లు కాల్చి, మీటను పది క్లిక్కులు కుడికి, మళ్లీ పది ఎడమకు తిప్పి మరో ఐదు కాల్చండి. రెండవ గుంపు మొదటి గుంపు మీదే పడాలి.

ధరలో మిగుల్చుకున్న డబ్బును పెల్లెట్ల మీద పెట్టండి. ముందు భాగం బల్లపరుపుగా ఉండే మ్యాచ్ పెల్లెట్లు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల కొలతల్లో దొరుకుతాయి. ప్రతి బ్యారెల్‌కూ తనకు నచ్చే కొలత ఒకటి ఉంటుంది. స్నేహితుల దగ్గర కొన్ని కొన్ని తీసుకుని, రైఫిల్‌ను మెత్తని సంచి మీద ఆనించి, ఒక్కో రకం పదేసి షాట్లు కాల్చి గుంపులను స్కేలుతో కొలవండి. ఐదు వందల పెల్లెట్ల డబ్బా, రోజుకు వంద షాట్ల చొప్పున, ఐదు రోజుల్లో అయిపోతుంది. అందువల్ల ఏడాది పెల్లెట్ల ఖర్చును రైఫిల్ ధరతో కలిపి లెక్క వేసుకున్న తరువాతే బడ్జెట్ నిర్ణయించుకోండి.

పాత పోటీ రైఫిల్ కొంటే ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. అల్యూమినియం సిలిండర్లకు తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు; గడువు దాటినదానికి కొత్తది కొనే ఖర్చును బేరంలో తగ్గించి అడగండి. సిలిండర్‌ను 200 బార్ (గాలి పీడనపు కొలత) వరకు నింపి, గేజ్ అంకె రాసుకుని, మరునాడు మళ్లీ చూడండి. అంకె గుర్తించదగినంత పడిపోతే సీల్ కారుతున్నట్లే. గాలి నింపడానికి చేతి పంపు వాడితే, మన తేమ గాలిలోని నీరు లోపలికి పోకుండా తేమను పీల్చే ఫిల్టర్ అమర్చుకోవాలి. పంపు గొట్టంలో గానీ సిలిండర్ మరల్లో గానీ మామూలు నూనె వేయకూడదు. అధిక పీడనంలో అది అంటుకునే ప్రమాదం ఉంది.

సముద్రపు ఉప్పుగాలి విశాఖలో ఇనుమును ఎంత త్వరగా తింటుందో బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలను చూసినవారికి తెలుసు. రేంజ్ నుంచి రాగానే రైఫిల్‌ను స్పాంజి పెట్టెలో మూసి ఉంచకండి. చేతి చెమటను, తేమను స్పాంజి పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డతో తుడిచి, బయటి ఇనుప భాగాల మీద పలుచగా నూనె రాసి, బ్యారెల్‌లోకి నూనె పోకుండా చూసి, సిలికా జెల్ సంచులున్న బీరువాలో తాళం వేసి ఉంచండి. పెల్లెట్లను వేరే తాళంలో పెట్టండి. బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) కనిపించనంత వరకు, అది ఖాళీ అని ఎవరు చెప్పినా, ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వకండి.