దయ్యాల కొంప గేమ్ ఆడే ముందు చూసుకోవాల్సినవి

కర్నూలులో ఎండాకాలం సెలవులకు ‘ది సెవెన్త్ గెస్ట్’ మొదలుపెడుతున్నారా? 1993లో సీడీల మీద వచ్చిన గేమ్. బంగళా అంతా తిరుగుతూ ఒక్కో గదిలో ఒక్కో చిక్కుముడి విప్పాలి.

- పాత సీడీ ఉంటే నేరుగా ఎక్కించి తంటాలు పడొద్దు. పాత గేమ్‌లను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్ ఉచితం, అందులో నడుస్తుంది. గేమ్ ఫైళ్లు మాత్రం మీవే ఉండాలి.

- సేవ్. ఇదే ముఖ్యం. డెస్క్‌టాప్ అయితే మరీను, కరెంటు చెప్పి పోదు కదా! ఒక పజిల్ అయిపోగానే సేవ్ చేయండి, పాతదాని మీద కాకుండా కొత్త పేరుతో.

- ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు. మన ఎండలకు అసలే కాలిపోతుంటుంది.

- పెన్నూ, గళ్ల కాగితమూ దగ్గరుండాలి. భోజనాల గదిలో కేకు పజిల్ ఉంది: 30 ముక్కల కేకును ఆరు సమాన భాగాలు చేయాలి. ప్రతి భాగంలో రెండు పుర్రెలు, రెండు సమాధి రాళ్లు, ఒక ఉత్త ముక్క రావాలి, అవి పక్కపక్కనే అంటుకుని ఉండాలి. కాగితం మీద గీసుకుంటే పని తేలిక, బుర్రలోనే చేద్దామంటే టెన్షన్.

- హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పియానో పజిల్‌లో విన్న స్వరాలనే తిరిగి వాయించాలి. పైగా అర్ధరాత్రి గేమ్‌లోని ఆ దయ్యాల నవ్వులు స్పీకర్లో వినిపిస్తే పక్కగదిలో అవ్వ లేచి కూర్చుంటుంది.

- చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. కథలో పిల్లల చావులున్నాయి.

- ఎక్కడైనా ఇరుక్కుంటే బంగళాలోని లైబ్రరీలో సూచనల పుస్తకం ఉంది. సిగ్గుపడక్కర్లేదు, కానీ కేకు దగ్గర మాత్రం వాడకండి.