వాయుగుండం రోజుల్లో ఉబుంటు అప్‌డేట్: ఏమైనా సరే, ఫార్మాట్ కొట్టకండి

మొన్న భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత షాపులో ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టం) అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పోయి ఎన్నాళ్లయిందో. పొద్దున్న ఆన్ చేస్తే నల్ల తెర, ‘కెర్నల్ పానిక్’, అంటే సిస్టం గుండెకాయ లాంటి కెర్నల్ ముందుకెళ్లలేక ఆగిపోయిందని. రిపేరుకొచ్చిన కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి డిస్కంతా తుడిచి కొత్తగా వేసే ‘ఎరేజ్ డిస్క్’ నొక్కేశాడు. కాసేపట్లో సిస్టం భేషుగ్గా ఆన్ అయింది. రొయ్యల పట్టుబడి అయ్యాక ఏ రైతు ఎంత కట్టాలో రాసుకున్న అరువు లెక్కలు మాత్రం లేవు.

కరెంటు ఆ లెక్కలను ముట్టుకోలేదు. ఫార్మాటే తుడిచేసింది.

కొత్త కెర్నల్ వేసేటప్పుడు దానికి తోడుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు తయారవుతుంది. డిస్కును తెరిచే డ్రైవర్లు అందులో ఉంటాయి. అది తయారయ్యేలోపు కరెంటు పోయినా, బూట్ పార్టిషన్ (కెర్నల్ ఫైళ్లుండే డిస్కు భాగం) నిండిపోయినా ‘అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ (డిస్కును తెరవలేకపోతున్నా) అని ఆగిపోతుంది. ఇది చూసే డిస్కు పోయిందనుకుంటారు. చాలాసార్లు మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆన్ చేయగానే ఎస్కేప్ నొక్కండి, పాత మెషీనైతే షిఫ్ట్ పట్టుకోండి. ఏ కెర్నల్‌తో ఆన్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’కి వెళ్తే పాత కెర్నల్ కనిపిస్తుంది, ఉబుంటు మామూలుగా దాన్ని ఉంచుతుంది. దాని రికవరీ మోడ్‌లో ‘డీపీకేజీ’ ఎంచుకుంటే సగంలో ఆగిన ప్యాకేజీలు పూర్తవుతాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లకు కెర్నల్ మారాక తెర నల్లబడితే, అదీ పాత కెర్నల్‌తో లోపలికెళ్లి డ్రైవర్ మళ్లీ వేసుకునే పనే. ఫార్మాట్ అక్కర్లేదు.

ఇక తుపాన్ల నెలలు అక్టోబరు, నవంబరు దాటేదాకా:

గాలివాన హెచ్చరిక ఉన్న రోజు అప్‌డేట్ పెట్టకండి. సెక్యూరిటీ అప్‌డేట్ అయినా ఒక రోజు ఆగుతుంది.

ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండాకే.

అప్‌డేట్‌కు ముందు బూట్ పార్టిషన్‌లో ఖాళీ చూడండి. నిండితే పాత కెర్నళ్లు తీసేయండి, ఇప్పుడు నడుస్తున్నది మాత్రం తీయకండి.

అప్‌డేట్ కదలట్లేదని పవర్ బటన్ నొక్కిపట్టకండి. టీ తాగి రండి.

ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) నడపమని తెర మీద వస్తే, అదీ ఫార్మాట్ చేయమని కాదు.

డిస్కు టకటకమంటుంటే వెంటనే ఆపేయండి, మళ్లీ ఆన్ చేయకండి.

‘ఫ్రెష్‌గా వేసేద్దాం సార్’ అంటే ఒప్పుకోకండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ‘ట్రై ఉబుంటు’లోకి వెళ్లి, ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, అందులో నాలుగు మీ కళ్ల ముందే తెరిచి చూపించమనండి. అప్పటిదాకా ఇన్‌స్టాల్ బటన్ ముట్టుకోనివ్వకండి.