ఊళ్లో షుగర్ క్లాసు పనికొస్తోందా? చూసి తేల్చుకోవడం ఎలా

హాజరు పట్టీలో 40 సంతకాలు, వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో ఉంటే ఆరోగ్య ఉపకేంద్రంలో షుగర్ ఉన్నవాళ్లకు పెట్టే క్లాసు జరిగిందని రాసేస్తారు. అది ఎలా జరిగిందో మాత్రం అక్కడ కూర్చుని చూసినవాళ్లకే తెలుస్తుంది.

ముందు కొలత సిద్ధం చేసుకోండి. గంట క్లాసులో తప్పక రావాల్సిన అంశాలు పదికి మించకుండా రాయండి: షుగర్ పడిపోతే ఏం చేయాలి, రోజూ పాదాలు చూసుకోవడం, పళ్లెంలో అన్నం ఎంత, మాత్రలు మానకపోవడం, ఏడాదికోసారి కంటి పరీక్ష, ఇన్సులిన్ వేసుకునే తీరు... అసలు ప్రస్తావనే రాకపోతే 0, చెప్పి వదిలేస్తే 1, వచ్చినవాళ్ల చేత చేయిస్తే 2.

1కీ 2కీ తేడా ఎంతో ఇన్సులిన్ దగ్గర తెలుస్తుంది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా వచ్చేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూతది. 40 మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లి ప్రాణం మీదికొస్తుంది. "సిరంజి చూసి కొనుక్కోండి" అంటే 1 మార్కే. రెండు సిరంజిలూ బల్ల మీద పెట్టి, "మీ సీసాకి ఏది, పెద్దమ్మా?" అని అడిగి, ఆమె చేతే నీళ్లు లాగించి గీత చూపించమంటే 2.

క్లాసు చెప్పే ఒక్కో ఆరోగ్య కార్యకర్తవి కనీసం రెండు క్లాసులు, వేర్వేరు చోట్ల చూడండి. మొదటిసారి ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే చెబుతారు. ఓ పక్కన కూర్చోండి, జవాబులు మీరు అందించకండి. "రీడింగ్ బాగుంది కదా, ఇన్సులిన్ ఆపేయండి" లాంటి ప్రమాదకరమైన మాట వస్తే మాత్రం జనం లేవకముందే సరిదిద్దాలి. "రాగి సంకటి ఎంత తిన్నా ఏం కాదు" వంటి తప్పులను మార్కుల్లో కలపకుండా విడిగా రాయండి. పది మంచి మాటలు చెప్పినా ఒక తప్పు మాట చెరిగిపోదు.

ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో కూడా లెక్కించండి. ఫోన్ 30 సెకన్లకోసారి వైబ్రేట్ అయ్యేలా పెట్టుకుని, ఆ క్షణాన కార్యకర్త మాట్లాడుతుంటే "కా", జనం మాట్లాడుతుంటే "జ", మౌనంగా ఉంటే గీత. గంటకు 120 గుర్తులు వస్తాయి. బ్రిటన్‌లో షుగర్ ఉన్నవాళ్లకు క్లాసులు పెట్టే డెస్మండ్ కార్యక్రమంలో 10 సెకన్లకోసారి గుర్తిస్తారు. ఒంటరిగా రాసుకునేవారికి 30 సెకన్లే వీలు. "కా" 90 దాటిందంటే మా దృష్టిలో అది క్లాసు కాదు, ప్రసంగం.

క్లాసు అయ్యాక ఐదుగురిని విడిగా కదపండి. వెనక వరుసలో కూర్చున్నవాళ్లు, చదువు రానివాళ్లు అందులో ఉండాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "రాత్రి చెమటలు పట్టి చేతులు వణికితే ఏం చేస్తారు?" అని అడగండి. ఇవి షుగర్ పడిపోయిన గుర్తులు. మూడు చెంచాల, అంటే 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ తాగాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అంతకుముందు అరగంటసేపు "చక్కెర ముట్టొద్దు" అనే విన్నారు. ఈ మినహాయింపును విడిగా, గట్టిగా చెప్పకపోతే లోపం క్లాసుదే.

రానివాళ్ల లెక్క కూడా తీయండి. హాజరు పట్టీని ఊళ్లో షుగర్ ఉన్నవాళ్ల జాబితాతో పోల్చండి. నాట్ల రోజుల్లో ఉదయం 11కి పెడితే కూలికి వెళ్లేవాళ్లెవరూ రారు. ఇంట్లో వండేవాళ్లు వచ్చారో లేదో కూడా చూడండి.

నెల తర్వాత పది ఇళ్లకు వెళ్లి ఇన్సులిన్ సీసా ఎక్కడ పెట్టారో, ఏ సిరంజి వాడుతున్నారో చూపించమనండి.

మార్కులను జీతంతోగానీ ప్రోత్సాహకంతోగానీ ముడిపెట్టకండి. ముడిపెట్టిన రోజు నుంచి కాగితం మీద అన్నీ 2లే కనిపిస్తాయి. ఆ పూటే కార్యకర్తతో ఏకాంతంగా పావుగంట కూర్చుని, ముందు బాగా చేసినవి చెప్పి, తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పండి. మళ్లీ వెళ్లినప్పుడు ముందుగా ఆ ఒక్కటీ మారిందేమో చూడండి.