తోటలోకొచ్చే పిల్లిని చేరదీసే ముందు జాగ్రత్తలు

• ముందు అది ఎవరిదో తేల్చుకోండి. బొచ్చు నిగనిగలాడుతూ, తోక నిలబెట్టి దగ్గరికొస్తే పెంపుడుదే కావచ్చు. యజమాని ఉంటే ఫోన్ చేసేలా కాగితం పట్టీ మీద మీ ఫోన్ నంబరు రాసి, మెడకు వదులుగా చుట్టి, కొసలు టేపుతో అంటించండి. కొమ్మకు చిక్కుకుంటే అది చిరిగిపోవాలి, అందుకే తాడు కట్టొద్దు. బెదిరే పిల్లి జోలికి మాత్రం వెళ్లకండి.

• చెవి కొన తిన్నగా కత్తిరించినట్టుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టే.

• చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు పలచబడ్డాయా? పిల్లలు దగ్గర్లోనే ఉండొచ్చు. తల్లిని బోనులో పట్టుకెళ్తే అవి ఆకలికి చచ్చిపోతాయి. ముందు వాటిని వెతకండి.

• పాలు వద్దు, చాలా పిల్లులకు విరేచనాలవుతాయి. మంచినీళ్లు పెట్టండి.

• పారాసిటమాల్ ఇవ్వొద్దు, ముక్క కూడా పిల్లి ప్రాణం తీయొచ్చు.

• కరిచినా, రక్కినా సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.